పసుపు చీటీ ఉన్న చోట

మల్లికార్జున్ డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరిచాడంటే ఇంట్లో ఎవరూ అటు వెళ్ళకూడదు. టాక్సులు, ఇన్సూరెన్సులు, పాస్‌పోర్ట్ రెన్యువల్స్, సిటిజన్‌షిప్ అప్లికేషన్లు అన్నీ ఆ టేబుల్ మీదే తయారయ్యాయి. నింపాల్సినవన్నీ తనే నింపుతాడు. భార్య సంతకం పెట్టాల్సిన చోట చిన్న పసుపు చీటీ అంటించి, పెన్ను మూత తీసి మరీ పక్కన పెడతాడు. శారద వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, చీటీ ఉన్న చోటల్లా సంతకం పెట్టి మళ్ళీ స్టవ్ దగ్గరికి వెళ్ళిపోతుంది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఈ పద్ధతి మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నిజం చెప్పాలంటే శారదకి అది హాయిగానే ఉండేది. ఆ ఫారాల ఇంగ్లీషు చూస్తేనే ఆమెకి తలనొప్పి వచ్చేది.

ఆ ఆదివారం కూడా అలాగే పిలిచాడు. 2012 అక్టోబరు ఆఖరు. పెద్ద తుఫాను వస్తోందని టీవీ వాళ్ళు పొద్దున్నించీ ఊపిరి తీసుకోకుండా చెబుతున్నారు. న్యూజెర్సీలో వాళ్ళుండే ప్లెయిన్స్‌బరోలో ఏ షాపులోనూ కొవ్వొత్తులు లేవు, మంచినీళ్ళ సీసాలు లేవు. కరెంటు పోతే ఫ్రిజ్‌లో పెట్టినవి పాడవుతాయని శారద రెండు రోజులు నిలవుండేలా పులిహోర కలుపుతోంది. చేతులకి పసుపు అంటుకునే ఉంది. మోచేత్తో తలుపు నెట్టుకుని వచ్చింది.

టేబుల్ మీద రెండు కవర్లున్నాయి. క్యూలో నిలబడటమంటే మల్లికార్జున్‌కి పరమ చిరాకు. అందుకని ఇద్దరికీ పోస్టులో ఓటు పంపే కాగితాలు తెప్పించాడు. అమెరికా పౌరులయ్యాక ఇద్దరికీ ఇదే మొదటి అధ్యక్ష ఎన్నిక. ఆమె బ్యాలెట్ అప్పటికే నింపి, మడిచి లోపల పెట్టేశాడు. కవరు మీద సంతకం గీత పక్కన పసుపు చీటీ కనిపిస్తోంది.

నేను చూడాలా అని అడిగింది శారద, మాట వరసకే.

"చూడ్డానికేముంది, మన ఒబామాకే," అన్నాడు.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి సంతకం పెట్టింది. మల్లికార్జున్ కవరుకి జిగురు తడిపి, అంచు మీద బొటనవేలితో రెండుసార్లు రుద్ది, తన కవరు మీద పెట్టాడు. రేపు పోస్ట్ చేస్తానన్నాడు. ఆ రేపు రాత్రి గాలివాన ఊరిని కుదిపేసింది. చెట్లు కూలి కరెంటు తీగల మీద పడ్డాయి. కవర్లు మాత్రం కారులో క్షేమంగా ఉన్నాయి.

*

నాలుగు రోజులైనా కరెంటు రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు వీరభద్రరావు గారి భార్య ఛాయాదేవి ఫోన్ చేసి, మాకు వచ్చింది, బట్టలు సర్దుకుని వచ్చేయండి అంది. అలా ఆ ఇంటికి మూడు కుటుంబాలు చేరాయి. గోడల్లో ప్లగ్గులున్న చోటల్లా ఫోన్లు వేలాడుతున్నాయి. వేడినీళ్ళ స్నానానికి వంతులు పెట్టుకున్నారు. పెట్రోలు కోసం మైళ్ళ కొద్దీ క్యూలు ఉన్నాయి, సోమవారానికి ఆఫీసులు తెరుస్తారో లేదో తెలియదు, స్కూళ్ళ సంగతి అసలే తెలియదు. చేయడానికి ఏ పనీ లేని మగవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే ఇక రాజకీయాలు కాక ఇంకేముంటాయి?

వీరభద్రరావు గారిది ఒబామా మీద పోటీ చేస్తున్న రోమ్నీ పక్షం. ముప్ఫై ఏళ్ళు గుండె జబ్బులు చూసి రిటైరైన మనిషి. డాక్టరుకీ రోగికీ మధ్య ప్రభుత్వం తలదూర్చకూడదని, వ్యాపారం చేసినవాడికే దేశాన్ని నడపడం తెలుస్తుందని ఆయన వాదన. మల్లికార్జున్ పూర్తిగా ఒబామా మనిషి. మందుల కంపెనీలో సైంటిస్టు కాబట్టి ప్రతి మాటకీ ఒక పర్సెంటేజి జోడిస్తాడు. వీళ్ళిద్దరి కంటే గట్టిగా అరిచేవాడు రాజ్. సాఫ్ట్‌వేర్ కుర్రాడు. హెచ్ వన్ వీసా మీద ఉన్నాడు, ఓటు లేదు. ఓటు లేనివాడికి ఉన్నంత స్పష్టమైన అభిప్రాయం లోకంలో ఎవరికీ ఉండదు.

శారద టీ ట్రే పట్టుకుని వెళ్ళేసరికి మల్లికార్జున్ మంచి ఊపులో ఉన్నాడు. రెండో డిబేట్‌లో రోమ్నీ ఆడవాళ్ళ గురించి అన్న మాట పట్టుకుని ఉతికేస్తున్నాడు. ఉద్యోగాలకి ఆడవాళ్ళ పేర్లు బైండర్ల నిండా తెప్పించుకున్నాడట, అదేదో ఘనకార్యమైనట్టు. ఆడదాన్ని మనిషిగా కాకుండా ఫైల్లో కాగితంలా చూసేవాడికి ఆడవాళ్ళు ఓటెందుకు వేస్తారు? ఈ దేశంలో స్త్రీలు ఓటు హక్కు కోసం ఎన్ని ఏళ్ళు పోరాడారో తెలుసా డాక్టరు గారూ, అని సంవత్సరాలతో సహా చెప్పాడు. చెబుతూనే ట్రేలోంచి కప్పు అందుకున్నాడు. ఎవరిచ్చారో చూడలేదు.

రాజ్ చూశాడు. "ఆంటీ, మీ ఓటు ఎవరికి?" అని అడిగాడు.

శారద దగ్గర సమాధానం ఉంది. కూతురు శ్రుతికి ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగం మానేసి మళ్ళీ చదువుకుంటోంది. ఇరవై ఆరు నిండేదాకా పిల్లలు తల్లిదండ్రుల ఇన్సూరెన్సులో ఉండొచ్చని ఒబామా కొత్త చట్టం తెచ్చాడు కాబట్టి, ఆ పిల్ల ఇప్పుడు శారద ఉద్యోగంలో వచ్చే ఇన్సూరెన్సు మీదే డాక్టరు దగ్గరికి వెళ్తోంది. మొగుడి మీద కాదు, తన మీద. ఆ సంగతంటే శారదకి లోలోపల చాలా గర్వం. డిబేట్లు మూడూ బట్టలు మడతపెడుతూ చూసింది. రోమ్నీ చెప్పిన ఒకటి రెండు మాటలు ఆమెకి నచ్చాయి కూడా. అయినా శ్రుతి విషయం దగ్గర మనసు ఆగింది. ఇదంతా ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆమె నోరు తెరిచింది.

"మా ఇంట్లో రెండూ ఒబామాకే. సీల్ చేసి కార్లో పెట్టేశాను," అన్నాడు మల్లికార్జున్.

అందరూ నవ్వారు. వీరభద్రరావు గారు కూడా నవ్వి, మా ఇంట్లో రెండూ రోమ్నీకి పంపేశాను, చెల్లుకు చెల్లు అన్నారు. వంటింట్లోంచి ఛాయాదేవి వినేసి, అయితే శారదా, నీదీ నాదీ కొట్టుకుపోయి సున్నా అన్నమాట, అని చేత్తో గాల్లో గుండ్రంగా సున్నా చుట్టింది. శారద కూడా నవ్వింది. ట్రే కడిగి బోర్లించింది. కాసేపటికి కడిగిన ట్రేనే మళ్ళీ కడిగింది. మనసు ఎక్కడా నిలవలేదు. కరెంటు లేక, పని లేక, సొంతిల్లు కాక ఇలా ఉందేమోలే అనుకుంది.

*

ఆదివారం సాయంత్రం కరెంటు రావడంతో సొంతింటికి వచ్చేశారు. సోమవారం శారద పనిచేసే ప్లాంటు తెరిచారు. పొద్దున ఆమె బయల్దేరుతుంటే మల్లికార్జున్ రెండు కవర్లూ చేతికిచ్చాడు. తుఫాను వల్ల గడువు కొంచెం సడలించారు గానీ ఈ రోజు ముద్ర పడి తీరాలి, పోస్టాఫీసు నీ దారిలోనే కదా, మర్చిపోకు అని మూడుసార్లు చెప్పాడు.

ప్లాంటులో మాత్రల సీసాలు పెట్టెల్లోకి వెళ్ళే లైన్ల మీద శారద చెకింగ్ సూపర్‌వైజరు. అరగంటకొకసారి లైన్ మీంచి అయిదు పెట్టెలు తీయాలి. మూత విప్పి, సీసా మీది నంబరూ పెట్టె మీది నంబరూ ఒకటేనా కాదా, తేదీ చెరిగిందా, లోపలి కాగితం మడత సరిగ్గా ఉందా అని చూడాలి. ఆ కాగితం మీది అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. శారద అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చదువుతుంది. చదివాక షీటు మీద టైము రాసి సంతకం పెడుతుంది. మిగతా లైన్ల మీద ఉన్నవాళ్ళూ ఇదే చేయాలి, వాళ్ళ షీట్లు ఆమె చూస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఆమె సంతకం ఉన్న పెట్టెలో తప్పు దొరకలేదని ప్లాంటులో చెప్పుకుంటారు. ఇంటి దగ్గర చీటీ చూసి సంతకం పెట్టే మనిషీ, ఈ మనిషీ ఒకరేనంటే అక్కడెవరూ నమ్మరు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక రెండో లైన్ దగ్గరికి వెళ్ళి షీటు తీసి చూసింది. మూడున్నర దాకా గళ్ళన్నీ నిండి ఉన్నాయి. టైములు రాసి ఉన్నాయి, సంతకాలు పెట్టి ఉన్నాయి. గోడ గడియారంలో ఒంటిగంట పది. లైన్ మీద ఉన్నది సుమతి. చేరి రెండు నెలలైంది, కాంట్రాక్టు. స్కూళ్ళు తెరవలేదని పాపని పక్కింటావిడ దగ్గర వదిలొచ్చి పొద్దున్నించీ జేబులో ఫోను తడుముకుంటోంది.

శారద ఆ అమ్మాయిని పక్కకి పిలిచి షీటు చూపించింది. సుమతి మొహం పాలిపోయింది. పక్కింటావిడ ఏ నిమిషాన ఫోన్ చేస్తుందో, పరిగెత్తాల్సి వస్తే షీటు ఖాళీగా ఉండకూడదని ముందే రాసేసిందట.

"లైన్ బాగానే నడుస్తోంది కదండీ శారద గారూ. చూసినా నేను అదే రాస్తాను."

"అదే రాస్తావేమో. నువ్వు చూడాలి కదమ్మా. సంతకం నీది."

ఆ మాట అన్నాక శారదకే ఎక్కడో తగిలింది.  సుమతి తలవంచుకుని, జరగని గంటలన్నిటి మీదా ఒక్కొక్క గీత గీసి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వేసింది. రూలు అదే, చెరపకూడదు, కొట్టేసింది కూడా కనిపించాలి. శారద రిపోర్టు రాయక తప్పలేదు. కాంట్రాక్టు మనిషికి ఇలాంటి రిపోర్టు ఒకటి పడితేనే కష్టం, రెండోది పడితే ఉద్యోగం ఉండదు. పాప సంగతి కూడా రాసింది, ఎవరైనా చదువుతారేమోనని. కింద సంతకం పెట్టబోతూ రాసిందంతా మళ్ళీ చదివింది. చూడనిదానికి సంతకం పెట్టిందని ఒకత్తెను పట్టుకున్నాను, నన్నెవరు పట్టుకోవాలి, అనుకుంది. సిగ్గేసింది. రిపోర్టు మీద సంతకం పెట్టింది కానీ ఆ సాయంత్రం దాకా సుమతి కళ్ళలోకి చూడలేకపోయింది.

నాలుగున్నరకి పోస్టాఫీసు ముందు కారు ఆపింది. కవర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన కవరు వెనక్కి తిప్పి, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, తన సంతకం పైన ఉన్న చిన్న అక్షరాలు చదివింది. ఈ బ్యాలెట్‌ను నేనే, ఎవరూ చూడకుండా గుర్తుపెట్టి, నేనే మూశానని చట్టం సాక్షిగా చెబుతున్నాను. అదీ సారాంశం. కింద శారద అని తన చేత్తో రాసి ఉంది, ఎప్పటిలా చివర చిన్న మెలిక తిప్పి.

కారు దిగింది. మల్లికార్జున్ కవరు పెట్టెలో వేసింది. తనది వేయలేదు. మళ్ళీ కార్లో కూర్చుని అంచు చింపింది.

గళ్ళన్నీ ఎంత చక్కగా నింపాడో. ఎక్కడా సిరా గీత దాటలేదు. పైన ఒబామా. కింద సెనేట్, కాంగ్రెస్, కౌంటీ, స్కూల్ బోర్డు, ఆమె ఎన్నడూ వినని పేర్లు బారుగా ఉన్నాయి. అడుగున ఓటర్లే అవునో కాదో తేల్చాల్సిన రెండు ప్రశ్నలు, వాటికి అవును అని గుర్తులు. శారదకి ముందు నవ్వొచ్చింది, తను వేయాలనుకున్నవాడికే వేశాడు. ఆ తర్వాత ఒళ్ళు మండింది. వేరే వాడికి వేసుంటే బాగుండేది. కోపానికి ఒక కారణం దొరికేది, నలుగురికీ చెప్పుకోవడానికి వీలుండేది. ఇప్పుడు ఎవరితో ఏమని చెప్పాలి?

*

ఆ రాత్రి శారద భోజనాల దగ్గర చెప్పింది. "మీది పోస్ట్ చేశాను. నాది చేయలేదు. రేపు వెళ్ళి నేనే వేస్తాను."

మల్లికార్జున్ ముద్ద కంచంలో పెట్టేశాడు. అతనికి ముందు తోచినది రూలు. పోస్టు బ్యాలెట్ తెప్పించుకున్నవాళ్ళు మళ్ళీ వెళ్తే రెండో ఓటు అంటారు, అది నేరం, సిటిజన్‌షిప్ వచ్చి రెండేళ్ళు కాలేదు, నీకేమైనా మతి పోయిందా అన్నాడు. ఎడంచేత్తోనే లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని వెతికాడు. నేరం కాదని, ప్రొవిజనల్ అని ఒక తాత్కాలిక ఓటు కాగితం ఇస్తారని, అది కవర్లో పెట్టి ఇస్తే పోస్టులో వేరే ఓటు రాలేదని తేల్చుకున్నాకే లెక్కపెడతారని ఉంది. అది చదివి ఇంకా చిరాకు పడ్డాడు.

"లెక్కలోకి వస్తుందో రాదో కూడా తెలియదు. ఊరికే ఒబామాకి ఒక ఓటు పోగొడుతున్నావు."

"పోతే నాది పోతుంది," అంది శారద.

ఆమె గొంతు పెంచలేదు.  ఆమె పెరుగు వడ్డించుకుంది. నేను తప్పుగా వేశానా, నీ మేలుకే కదా చేశాను, ఇన్నేళ్ళూ అన్నీ నేనే కదా చూసుకున్నాను అన్నాడు. అది నిజమే కాబట్టి శారద కాదనలేదు. తన మొగుడు చెడ్డవాడు కాదని ఆమెకి తెలుసు. అందుకే ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పొద్దున తనే కారు తీశాడు. నువ్వు వెళ్తే ఏదో ఒకటి పాడుచేసి వస్తావు, నేనుండాలి అన్నాడు. స్కూల్ జిమ్‌లో పోలింగ్. క్యూ పార్కింగ్ దాకా ఉంది. చలికి జనం చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. సగం మంది మనవాళ్ళే. పెట్రోలు ఎక్కడ దొరికిందో, ఎవరికి ఇంకా కరెంటు రాలేదో చెప్పుకుంటున్నారు. గంటంపావు పట్టింది. అంతసేపూ మల్లికార్జున్ టేబుల్ దగ్గర ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో ఆమెకి నేర్పుతూనే ఉన్నాడు.

టేబుల్ వెనక డెబ్భై దాటిన అమెరికన్ ఆవిడ కూర్చుని ఉంది. కళ్ళజోడుకి గొలుసు. శారద పేరు చూసి, పోస్టు బ్యాలెట్ తీసుకున్నట్టుందే అంది. శారద నోరు తెరిచేలోపు మల్లికార్జున్ అందుకున్నాడు. ఆమె నా భార్య, పొరపాటు జరిగింది, పోస్ట్ కాలేదు, ఆమె కాగితాలన్నీ నేనే చూస్తాను, ప్రొవిజనల్ ఇస్తే నేను దగ్గరుండి నింపిస్తాను అని చక్కటి ఇంగ్లీషులో చెప్పాడు. ఆ పెద్దావిడ అతను చెప్పిందంతా మర్యాదగా విన్నది. తర్వాత అతన్ని దాటి శారద వైపు చూసింది. ఓటు వేయడంలో ఈయన సాయం మీకు కావాలా అని అడిగింది.

ప్రశ్న చిన్నదే. కానీ అతను పక్కనుండగా, అతని గురించి, ఆమెని ఎవరూ ఇలా అడిగి ఎరుగరు.  మొగుడి వైపు చూస్తే చెప్పలేనని తెలిసి, శారద ఆవిడ కళ్ళజోడు గొలుసు వైపు చూస్తూ, అక్కర్లేదు అంది.

సర్, మీరు ఆ టేపు గీత అవతల నిలబడాలి అంది ఆవిడ. మల్లికార్జున్ చుట్టూ చూశాడు. క్యూలో తెలిసిన మొహాలు నాలుగైనా ఉన్నాయి. చెవులు ఎర్రబడ్డాయి. వెళ్ళి గీత అవతల నిలబడ్డాడు.

శారద కాగితం తీసుకుని అట్ట అడ్డం పెట్టిన బల్ల దగ్గరికి వెళ్ళింది. అద్దాలు నుదుటి మీదికి నెట్టింది. లైన్ మీద పెట్టె విప్పినంత తాపీగా పైనుంచి కిందికి మొత్తం ఒకసారి చదివింది. అధ్యక్షుడి గడి నింపింది. తెలియని పేర్ల దగ్గర ఆగింది. నలుగురి గురించీ ఏమీ తెలియదు, ఆ గళ్ళు వదిలేసింది. ప్రశ్నల దగ్గర రెండోసారి చదివింది, మూడోసారి చదివింది. ఒకదానికి గుర్తు పెట్టింది. రెండోది ఆమెకి అర్థం కాలేదు, వదిలేసింది. కవర్లో పెట్టి, మూసి, సంతకం పైన ఉన్నదంతా చదివి, అప్పుడు సంతకం పెట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోపు తలుపు దగ్గర అడ్డంగా తిరగొద్దని మల్లికార్జున్‌కి రెండుసార్లు చెప్పారు.

కారు ఎక్కారు. నలుగురిలో నా పరువు తీశావు అంటాడనుకుంది. మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక, ఎవరికి వేశావు అన్నాడు.

"ఒబామాకే."

మల్లికార్జున్ స్టీరింగ్ మీద చేత్తో కొట్టి పెద్దగా నవ్వాడు. నిన్నటి నుంచి పట్టేసిన ఊపిరి అంతా ఆ నవ్వులో వచ్చేసింది. "మరి దీనికోసమా శారదా ఇంత గొడవ? నేను వేసిందీ అదే కదా."

"అది మీరు వేశారు. ఇది నేను వేశాను."

 విరిగిన కొమ్మలు రోడ్డు పక్కన గుట్టలుగా పోసి ఉన్నాయి. వాటి పక్కనుంచి నెమ్మదిగా పోనిచ్చాడు. కాసేపటికి, మిగతావి ఏం చేశావు అని అడిగాడు. తెలియనివాళ్ళకి వేయలేదని చెప్పింది. కాలేజీలకి కొత్త భవనాలు కట్టాలా అని ఉంది కదా, దానికి వద్దని పెట్టానంది.

"వద్దనా? చదువుకి ఎవరైనా వద్దంటారా?"

"చదువుకి కాదు, భవనాలకి. మా లైన్ మీదికి శని, ఆదివారాలు ఒకాయన వస్తాడు. వారమంతా రెండు కాలేజీల్లో కెమిస్ట్రీ చెబుతాడు. కొత్త బ్లాకులు రెండు లేచాయట. ఆయనకి మాత్రం కూర్చోవడానికి కుర్చీ లేదు, ఇన్సూరెన్సు లేదు. పిల్లల పేపర్లు లంచ్ రూమ్‌లో దిద్దుకుంటాడు. ముందు ఆ మనిషి సంగతి చూడమనండి, తర్వాత గోడలు కట్టుకోవచ్చు."

ఈ మనిషి గురించి మల్లికార్జున్ ఎప్పుడూ వినలేదు.  ఇల్లు వచ్చింది. గరాజ్ ముందు ఆపి, ఇంజిన్ కట్టేసి, ఆమె వైపు తిరిగాడు. ఒక్క మనిషిని చూసి పాలసీ తేల్చకూడదన్నాడు. లాబ్‌లు లేకపోతే పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారన్నాడు. భవనం వస్తేనే సీట్లు పెరుగుతాయి, సీట్లు పెరిగితేనే టీచర్లకి ఉద్యోగాలొస్తాయన్నాడు. ఆమె, అలా అని పదేళ్ళుగా చెబుతున్నారట, ఆయన్ని అడగండి అంది. అతను ఒక పర్సెంటేజి చెప్పాడు. అది ఎక్కడ చదివారంది. అతనికి గుర్తురాలేదు. ఇన్నేళ్ళలో అతను ఆమెని విసుక్కున్నాడు, బతిమాలాడు, లెక్కలేనన్నిసార్లు నచ్చజెప్పాడు. వాదించడం మాత్రం ఇదే మొదలు.

"నువ్వు చెప్పేది తప్పు, శారదా," అన్నాడు చివరికి.

"ఎందుకో చెప్పండి," అంది ఆమె, సీటు బెల్టు తీయకుండా.